కాలిపోయినది ఎక్కడికి పోయినది?

రాబర్ట్ బాయిల్ తగరపు ముక్కలను గాజు కుప్పెలో నుంచి, దాని మెడను కరిగించి గాలి చొరకుండ మూసి, నిప్పుల సెగపై చాలసేపు కాచి, లోపలి తగరములో కొంత భాగము భస్మముగా మారిన పిమ్మట కుప్పె కొనను విరిచినప్పుడు, వెలుపలి గాలి బుస్సుమనుచు లోనికి చొచ్చుకొనిపోయెను. ఆ చప్పుడు ఆయన చెవిని బడినది. తన గ్రంథములో దానిని వ్రాసియు నుంచినాడు. అటుపిమ్మట కుప్పెను త్రాసులో నుంచి తూచగా మునుపటికంటె బరువు పెరిగియుండెను. గాజులో కంటికి కానరాని సన్నని రంధ్రములున్నవనియు, వాని గుండ అగ్నికణములు దూరి తగరముతో కలిసికొన్నవనియు, అందువలననే బరువు పెరిగినదనియు ఆయన నిర్ణయించి, 1673వ సంవత్సరమున లోకమునకు ప్రకటించెను. గాలి పీడనమునకును పరిమాణమునకును గల సంబంధమును మనకు నేర్పిన మహామేధావి, గాలి తన కుప్పెలోనికి దూరుచున్న చప్పుడును చెవులార వినియు, తూచుటకు ముందే కుప్పెను తెరచుటవలన ఏమి జరిగినదో తలపోయలేదు.

ముప్పదియేండ్లకు పైగా ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయనశాస్త్రము చెప్పిన నాకు ఈ కథను ఎన్నిసార్లు తలచుకొన్నను తనివి తీరదు; ఏలయనగా ఇందు పొరబడినవాడు మందమతి కాడు, ప్రయోగము చేయనివాడు కాడు, తూచనివాడును కాడు. తెరువకముందు తూచవలసినదానిని తెరచిన తరువాత తూచినాడు, అంతియే. 1756లో రష్యా దేశమున లొమొనోసోవ్ కుప్పెను తెరువకయే తూచి, బరువులో మార్పులేదని కనుగొనెను. 1774లో పారిస్ నగరమున లవోయిసియే తగరమును మూసిన కుప్పెలో కాచి, ముందు మూసినది మూసినట్లే తూచి, మార్పులేదని చూచి, పిదప తెరచి, అప్పుడు లోనికి చొరబడిన గాలి బరువెంతయో తగరమునకు హెచ్చిన బరువును అంతయే యని లెక్క తేల్చెను. బాయిల్ విన్న బుస్సుమను చప్పుడునకు అర్థము చెప్పుటకు నూటయొక్క యేండ్లు పట్టినది.

ఈ నూరేండ్ల నడుమ యూరప్‌లోని రసాయనవేత్తలు ఊరకుండలేదు. జర్మన్ వైద్యుడు స్టాల్, మండు ప్రతి వస్తువులోను ఫ్లోజిస్టన్ అను దాహ్యతత్త్వ మొకటి దాగియుండుననియు, వస్తువు మండినప్పుడు అది వెలువడి గాలిలో కలియుననియు, మిగిలిన భస్మమునకు బొగ్గుతో కాచి ఆ తత్త్వమును తిరిగి యిచ్చినచో లోహము మరల పుట్టుననియు బోధించెను. నేడు పాఠ్యపుస్తకములు దీనిని రెండు వాక్యములలో త్రోసివేయుచున్నవి. అది నాకు నచ్చదు. కట్టె మండి పిడికెడు బూడిద మిగులుటను ప్రతిదినము చూచు మనుష్యునకు, మంటలో ఏదో వెడలిపోవుచున్నదనుటకంటె సహజమైన ఊహ మరియొకటి కలదా? ముడిరాయి బొగ్గుల కొలిమిలో ఇనుమగుట మొదలు దీపము ఆరుట వరకు ఆ ఒక్క ఊహ అనేక విషయములను ఒక త్రాటిపై గ్రుచ్చినది. అది తప్పని తెలియుట త్రాసు చేతికి వచ్చిన పిదపనే.

మన భాషయే చూడుడు. కట్టె కాలిపోయినది, చక్కెర కరిగిపోయినది, నీరు ఆవిరైపోయినది, మేకు తుప్పుపట్టిపోయినది. తెలుగువాడు ఏ మార్పును చెప్పబోయినను దానివెంట ‘పోవుట’ ఒకటి తోకవలె తగులుకొనును. మొదటిసారి రసాయనశాస్త్రము చదువవచ్చిన పదునారేండ్ల బాలుని ఇనుపమేకు తుప్పుపట్టినచో బరువేమగునని అడిగితిరా, తడవుకొనకుండ తరుగునని చెప్పును. తుప్పు రాలిపోవుటను వాడు పెరటి గేటుమీద చూచియున్నాడు. ఒక గ్లాసెడు నీటిలో చక్కెర కలిపి, కరిగిన పిదప మొత్తము బరువేమని అడిగినచో, తరగతిలో కొందరైనను నీటి బరువే చెప్పుదురు. ఇది మన పిల్లలకే పరిమితమైన దోషము కాదు. పియాజే, ఇన్‌హెల్డర్ అను స్విట్జర్లాండు పండితులు 1941లో ప్రకటించిన గ్రంథమున, కరిగిన చక్కెర ఉన్నదా లేదా యను ప్రశ్నపై చిన్నపిల్లలు చెప్పిన మాటలను శ్రద్ధతో నమోదు చేసిరి. న్యూజిలాండు దేశమున ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ అను పరిశోధకులు మరుగుచున్న నీటిలోని బుడగలలో ఏమున్నదని బడిపిల్లల నడిగి, 1983లో తమ ఫలితములను వెల్లడించిరి: నీటి ఆవిరియని చెప్పినవారికి తోడు, గాలియనిన వారును, ఉదజని ప్రాణవాయువులనిన వారును కలరు. నీరు ఆ రెంటి సంయోగమని పాఠము విన్నవాడే గదా ఆ చివరి జవాబు చెప్పగలవాడు! పాఠము పాత ఊహను తొలగింపక దానిపై క్రొత్త సున్నము పూసినది.

మాటచేత పోనిది చేతిపనిచేత పోవునను నమ్మకము రసాయనశాస్త్ర విద్యలో ఎప్పుడు ప్రవేశించెను? లవోయిసియే విద్యార్థిగా నున్న దినములలో పారిస్‌లోని రాజోద్యానమున రసాయన పాఠములు వినవచ్చిన జనము ఎదుట మొదట ఆచార్యుడు సిద్ధాంతమును ఉపన్యసించి వెడలిపోవుటయు, పిదప ప్రదర్శకుడు రూయెల్ వచ్చి ప్రయోగములు చేసి చూపుటయు ఆచారము. రూయెల్ ప్రయోగములు ముందు చెప్పిన ఉపన్యాసమును తారుమారు చేయుచుండెడివని ప్రసిద్ధి. అయినను బల్లలపై కూర్చున్నవారు చూచువారే కాని చేయువారు కారు. గ్లాస్గోలో థామస్ థామ్సన్, గోటింగెన్‌లో స్ట్రోమేయర్ విద్యార్థులచేత ప్రయోగములు చేయించిరి. కాని ఆ పద్ధతికి ఇల్లై, పేరై, లోకమంతట వంశవృక్షమై నిలిచినది మాత్రము గీసెన్ అను చిన్న జర్మన్ పట్టణము.

యూస్టుస్ లీబిగ్ డార్మ్‌స్టాట్ పట్టణమున రంగులు, రసాయనములు అమ్ము వర్తకుని కుమారుడు. సంతలో ఒక చిల్లర వర్తకుడు పేలుడు వెండిని తయారుచేయుటను చిన్ననాడే కన్నులప్పగించి చూచి, తానును చేసి, పిదప మందుల అంగడిలో కొంతకాలము శిష్యరికము చేసి, పారిస్ వెళ్లి గే-ల్యుసాక్ ప్రయోగశాలలో పనిచేసి, 1824లో ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున గీసెన్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడై వచ్చెను. ఆయనకు దొరికినది సైనికులు విడిచిన శిబిరములోని కావలివారి కొట్టము. ఆ కొట్టమున విద్యార్థులు మొదట ద్రవ్యములను గుర్తించుటయు, పిదప వాని పాళ్లను తూచి నిర్ణయించుటయు, ఆపై తామే పదార్థములను తయారుచేయుటయు, చివరకు ఎవరి పరిశోధనను వారు నడపుటయు నేర్చిరి. ప్రతి ఉదయమును ప్రతి విద్యార్థియు నిన్న తాను చేసిన పనిని, దానిపై తన అభిప్రాయమును చెప్పవలెననియు, తాను దానిని ఒప్పుకొనుటో విమర్శించుటో చేయుచుండెడివాడననియు లీబిగ్ తన జ్ఞాపకములలో వ్రాసికొన్నాడు. ఏమి చేసితివన్న ప్రశ్నతో ఊరుకొనక, ఏమనుకొనుచున్నావని కూడ అడుగుటను గమనింపుడు. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసివచ్చిన విద్యార్థి తన తప్పు ఊహను జేబులో దాచుకొని తిరుగలేడు. సాయంకాలమైనను విద్యార్థులు ప్రయోగశాల విడువకుండుటచే ఊడ్చి శుభ్రము చేయుటకు వీలులేదని పరిచారకుడు మొరపెట్టుకొనెడివాడట; ఆ మొర చదివినప్పుడెల్ల నాకు కన్నులు చెమ్మగిల్లును.

ఆ కొట్టమున పుట్టిన పరికరము నొకదానిని ఇచట కొంచెము నిలిచి చూడవలెను. 1831లో లీబిగ్ ఐదు గాజు బుడగలను త్రికోణముగా అమర్చి, వానిలో పొటాషు ద్రావణము నింపెను. చక్కెర వంటి పదార్థమును రాగి భస్మముతో కలిపి పొడవైన గాజుగొట్టములో నుంచి ఎర్రగా కాల్చినచో, వెలువడిన నీటి ఆవిరి ముందు కాల్షియమ్ క్లోరైడు నింపిన గొట్టములో చిక్కుకొనును. బొగ్గుపులుసు గాలి బుడగలలోని పొటాషులో చిక్కుకొనును. కాల్చకముందొకసారి, కాల్చినపిదప నొకసారి ఆ బుడగలను తూచినచో, చక్కెరలోని కర్బన మెంతయో తేలును. కంటికి కాలిపోయి మాయమైనట్లు తోచినదంతయు ఆ గాజు బుడగలలో పదిలముగా నున్నది, త్రాసు పళ్లెములో తన బరువు తాను చెప్పుచున్నది. ఏ సహజమైన ఊహ మనుష్యజాతిని వేలయేండ్లు త్రోవ తప్పించినదో దానికి ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరమును నేనెరుగను. అమెరికన్ రసాయన సంఘము తన చిహ్నములో ఈ ఐదు బుడగలను నిలుపుకొన్నది.

గీసెన్ శిష్యులు దేశదేశములకు వెడలిరి. 1845లో హోఫ్‌మన్ లండనులో రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీకి అధిపతియయ్యెను. లీబిగ్‌కు సహాయకుడుగా నుండిన ఫ్రెజీనియస్ 1848లో వీస్‌బాడెన్‌లో సొంత ప్రయోగశాల నెలకొల్పెను. 1841లో ఆయన ప్రకటించిన గుణాత్మక విశ్లేషణ గ్రంథము అనేక భాషలలోనికి పోయి, లోహములను గణములుగా విభజించి వరుసగా వేరుపరచు పద్ధతిని ప్రపంచమునకంతకు అలవాటు చేసెను. మన ఇంటర్మీడియట్ ప్రయోగశాలలలో ‘సాల్ట్ అనాలిసిస్’ అని పిలువబడు పని ఆ వంశములోనిదే. కిప్పు పరికరము నుండి వచ్చు కుళ్లిన కోడిగ్రుడ్ల వాసన పీల్చిన ప్రతి తెలుగు విద్యార్థియు, తెలిసియో తెలియకయో, ఫ్రెజీనియస్‌కు మునిమనుమడు.

కాని వంశము పెరిగినకొలది ఆస్తి కరిగినది. గీసెన్‌లో ఉదయమున అడిగిన రెండవ ప్రశ్న దారిలో ఎచ్చటనో జారిపోయి, పట్టిక మాత్రము మనకు చేరినది. నేను విద్యార్థిగా నున్న కళాశాలలో పరీక్షకు వచ్చు ఉప్పు పేరు ముందుగా తెలిసికొనుట ఒక విద్య. పేరు తెలిసిన పిమ్మట వెనుకకు నడచి, ‘ప్రయోగము’, ‘పరిశీలనము’, ‘అనుమితి’ అను మూడు గళ్లను నింపెడివారము. నైట్రేటునకు గోధుమవన్నె వలయము వచ్చినదని నేను వ్రాసిన దినమున నా పరీక్షనాళికలో ఏ వలయమును రాలేదు; ఆమ్లమును గోడవెంబడి మెల్లగా పోయక గుప్పున పోసితిని. వలయము రాలేదని వ్రాసినచో మార్కులు పోవునని భయము. ఆ అబద్ధపు వాక్యము క్రింద ఎర్రసిరాతో సరియైనదను గురుతు పడినది. రాలేదని వ్రాసి, ఏల రాలేదో వెదకియుండినచో ఆనాడే సాంద్రతను గురించి ఒక విషయము నా అంతట నేను నేర్చియుందును గదా యని ఇప్పటికిని బాధపడుదును.

మన దేశమున ఈ జాడ్యమును గుర్తించినవారు లేకపోలేదు. ప్రఫుల్ల చంద్ర రాయ్ ఎడింబరోలో చదివి వచ్చి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, మొదటి సంవత్సరపు తరగతులను తానే కోరి చెప్పెడివాడు. ఎముకను తెల్లని బూడిదయగునట్లు కాల్చి, అది ఇక ఏ జంతువు శల్యమును కాదనియు, కేవలము కాల్షియమ్ ఫాస్ఫేటనియు చెప్పుచు, చిటికెడు తీసి నోట వేసికొనెడివాడట. ఆచారపరాయణులైన ఇండ్లనుండి వచ్చిన ఆ పిల్లలకు అది ఎంతటి దిగ్భ్రమ కలిగించినదో మనము ఊహింపవచ్చును. వస్తువు తన పుట్టుకను బూడిదలోను మోసికొనివచ్చునను భావము రసాయనశాస్త్రమునకు అడ్డుపడు భావములలో మిక్కిలి లోతైనది; దానిని ఆయన తర్కముతో గాక నాలుకతో ఖండించెను.

ఇంగ్లండులో ఈ రోగమునకు పట్టుబట్టి చికిత్స చేయబూనినవాడు హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1884లో లండను సెంట్రల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్యుడైన నాటి నుండి, విద్యార్థికి ఫలితము ముందుగా చెప్పరాదనియు, వానిని వెదకువాని స్థానమున నిలుపవలెననియు ఆయన వాదించెను. ఆయన ఎన్నుకొన్న సమస్యలు ఆడంబరము లేనివి: ఇనుము తుప్పుపట్టునప్పుడేమి జరుగును? సుద్దను కాల్చినచో ఏమగును? ప్రతి బాలునకును త్రాసు ఉండవలెనని ఆయన పట్టు. బాలబాలికలు తడిసిన ఇనుపరజనును మూసిన గాలిలో నుంచి, గాలిలో ఐదవవంతు తరిగిన తరువాత తుప్పు ఆగిపోవుటను చూచి, ఇనుము బరువు హెచ్చుటను తూచి, ఆ రెంటిని ముడివేసికొని, గాలిలో నొక భాగము ఇనుముతో కలిసినదని తామే చెప్పవలెను. రెండువందలయేండ్లు పట్టిన శాస్త్రమంతటిని పిల్లలు మూడేండ్లలో మరల కనుగొనగలరా యని విమర్శకులు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమే, ఆవర్తన పట్టికను ఎవరును తుప్పుపట్టిన మేకునుండి కనుగొనలేరు. అయినను ఆర్మ్‌స్ట్రాంగ్ ఎన్నుకొన్న తుప్పు సమస్యలో ఒక గొప్ప యుక్తి యున్నది. అది నాకు తెలియుటకు మన పాఠశాలలలోని కొవ్వొత్తి ప్రయోగము తోడ్పడినది.

పళ్లెములో నీరుపోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించినచో కొవ్వొత్తి ఆరును, నీరు గ్లాసులోనికి ఎగబ్రాకును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దిలో బైజాంటియముకు చెందిన ఫిలో దీనిని వర్ణించి, మంట గాలిని తినివేసినదని చెప్పెను. ప్రాణవాయువు ఐదవవంతు ఖర్చయినది కావున నీరు ఐదవవంతు ఎక్కినదని నేటికిని తరగతులలో చెప్పుచున్నారు. నేనును కొన్నాళ్లు చెప్పితిని. ఇది తప్పు. మైనము మండినప్పుడు పోయిన ప్రాణవాయువునకు బదులు బొగ్గుపులుసు గాలి పుట్టుచునే యుండును. పైగా గాలిలో నూటికి ఇరువదియొక్క పాళ్లున్న ప్రాణవాయువు సుమారు పదునారు పాళ్లకు దిగినప్పటికే కొవ్వొత్తి ఆరిపోవును. నీరు ఎక్కుటకు ముఖ్యకారణము, బోర్లించునప్పుడు వేడెక్కి వ్యాకోచించియున్న గాలి, మంట ఆరినపిదప చల్లబడి ముడుచుకొనుట.

ఒక చిన్న పట్టణమున మొదటి సంవత్సరపు విద్యార్థులచేత దీనిని చేయించుచున్న దినమున, నేను పాఠము చెప్పక, ముందుగా ఎవరి ఊహను వారు పుస్తకములో వ్రాయవలెనని మాత్రము చెప్పితిని. అందరును ఐదవవంతనియే వ్రాసిరి. ఒక కొవ్వొత్తితో చేసిరి; నీరు కొంత ఎక్కినది, ఐదవవంతునకు దరిదాపుగానే యుండుటచే అందరికిని సంతృప్తి కలిగినది. అటుపిమ్మట మూడు కొవ్వొత్తులు పెట్టుడని చెప్పితిని. అదే గ్లాసు, అదే నీరు. ఈసారి నీరు మరింత పైకి పోయెను. వెనుకబల్లనున్న బాలిక యొకతె చాలసేపు గ్లాసు వంక చూచి, “సార్, గ్లాసులో గాలి అంతే ఉంది కదా? మూడు వత్తులైతే మాత్రం ప్రాణవాయువు ఎక్కడ నుంచి పెరిగింది?” అని అడిగెను. మరియొకడు, మంట వెలుగుచున్నంతసేపు నీరు ఇంచుమించు కదలనే లేదనియు, ఆరిన మరుక్షణమే దూకినదనియు చూచినాడు. మూడవవాడు గ్లాసు అంచుచుట్టు సబ్బునీరు వేసి, బోర్లించినవెంటనే లోపలి గాలి బుడగలై వెలికి వచ్చుటను చూపినాడు. నేను చెప్పవలసినదేమియు మిగులలేదు.

అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ తుప్పును ముందుంచితిని. పదునైదు సెంటీమీటర్ల పరీక్షనాళికను లోపల తడిపి, ఇనుపరజను చల్లి, నీటిగిన్నెలో బోర్లించి విడిచితిమి. రజను లేని నాళికను ప్రక్కన బోర్లించవలెనని ఆ బాలికయే పట్టుబట్టినది. ఇందు మంట లేదు, వేడిమి లేదు, పుట్టిన వస్తువు వాయువు గాక గట్టి పదార్థము. కొవ్వొత్తిలో చిక్కుపడియున్న దారములన్నియు ఇందు విడివడియున్నవి. మూడవనాడు చూడగా రజనున్న నాళికలో నీరు సుమారు మూడు సెంటీమీటర్లు ఎక్కి నిలిచియుండెను. రజను లేనిదానిలో ఎక్కలేదు.

హోషంగాబాదు జిల్లాలో 1972లో పదునారు బడులలో మొదలిడి, మధ్యప్రదేశ్ గ్రామపు పిల్లలచేత ఇట్లే ప్రశ్నింపజేసి, 2002లో ప్రభుత్వము మాన్పించువరకు సాగిన విజ్ఞానబోధన ప్రయత్నము సంగతి నాకు అప్పటికి తెలియదు. జవాబులు వ్రాయని పాఠ్యపుస్తకములతో, పుస్తకములు తెరచుకొనియే వ్రాయు పరీక్షలతో వారు ముప్పదియేండ్లు నడపిన పని తెలిసియుండినచో నాకు ఇంకను ముందుగా ధైర్యము కలిగియుండును.

నాళికలో నీరెక్కుట చూచిన మరునాడు ఆ బాలిక ఇంటినుండి గిన్నెలు తోము సన్నని ఇనుపపీచును, బిరడా గల గాజుసీసాను తెచ్చినది. పీచును తడిపి సీసాలో వేసి, బిరడా బిగించి తూచి, అంకెను పుస్తకములో వ్రాసికొని, సీసాను కిటికీలో నుంచినది. వారము గడచి పీచు ఎర్రబడిన పిమ్మట సీసాను తెచ్చి త్రాసుబల్లపై నుంచి, బిరడాపై చేయివేసి ఆగినది. బాయిల్ కథ నేను వారికి అప్పటికింకను చెప్పలేదు. “సార్, మూత తీయకముందు తూచాలా, తీసిన తరువాత తూచాలా?” అని అడిగినది. నీకేమి తోచుచున్నదని అడిగితిని. కొంచెము సేపు ఆలోచించి, “రెండుసార్లూ తూస్తాను” అని చెప్పి, సీసాను మూతతోడనే పళ్లెములో నుంచినది.